సూరిబాబును జమ వేసుకున్న విధం

సంచిలో రెండు లుంగీలు, మూడు చొక్కాలు, పళ్ళపొడి, దువ్వెన, నీలగిరి తైలం సీసా, పాత దుప్పటి పెట్టాను. అన్నిటికన్నా అడుగున స్టీలు క్యారేజీ పెట్టాను. అది నాలుగు గిన్నెల క్యారేజీ. మూడు గిన్నెలు సంచిలో పెట్టి, నాలుగోది వంటింటి అలమారలో బోర్లించాను.

ఎవరు గడప దాటుతున్నా నేను ఇలాగే చేస్తాను. ఏదో ఒక వస్తువులో కొంత ఇంట్లో అట్టే పెట్టుకుంటాను. మా ఆయన బొకారోలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు నాకు ఈ జాగ్రత్త తెలియదు. కొత్త కాపురం, మెప్పు కోసం సూదీ దారంతో సహా సర్ది పంపాను. ఆయనకు వెనక్కి రావలసిన పని ఏదీ మిగలలేదు. మా చెల్లెలు ఖరగ్‌పూర్ కాపురానికి వెళ్ళినప్పుడూ అంతే, దాని గవ్వల డబ్బా కూడా పెట్టెలో పెట్టేశాను. ఆ తర్వాతే నాకు బుద్ధి వచ్చింది. మా తమ్ముడు సూరిబాబు ప్రతి సాయంత్రం ఇంటికి వస్తున్నాడంటే అది రోజూ ఇంట్లో ఆగిపోయే ఆ నాలుగో గిన్నె చలవ అని నా నమ్మకం.

"ఊళ్ళో ఆసుపత్రికే కదక్కా, కాశీకి పంపుతున్నట్టు సర్దుతున్నావేంటి?" అన్నాడు సూరిబాబు.

"ఒంట్లో ఏం బాలేదురా నీకు?"

"ఒంట్లో బానే ఉంది. బాకీయే బాలేదు."

సూరిబాబు కాకినాడలో ఊరట సర్జికల్ సప్లయిస్ అనే కంపెనీలో వసూళ్ళ అధికారి. కంపెనీ ఆసుపత్రులకు దూది, సిరంజీలు, చేతి తొడుగులు, సెలైన్ సీసాలు పంపుతుంది. ఆసుపత్రులు వాటిని వెంటనే వాడతాయి, డబ్బు మాత్రం తీరిక దొరికినప్పుడు ఇస్తాయి. ఆ తీరిక దొరికే దాకా ఆసుపత్రి డబ్బుల కిటికీ ఎదురుగా కుర్చీలో కూర్చోవడం మా తమ్ముడి ఉద్యోగం. మాట్లాడకూడదు, అడగకూడదు, అలిగినట్టు కనిపించకూడదు. మనిషి కళ్ళెదుట కూర్చుంటే మొహమాటం పుడుతుందని, మొహమాటంలోంచి చెక్కు పుడుతుందని పాతకాలం పద్ధతి. ఈ కూర్చోవడంలో సూరిబాబును మించినవాడు జిల్లాలో లేడని కంపెనీ యజమాని ముత్యాలరావు గారే అనేవారు.

అయితే ఈ మధ్య శతవర్ష మల్టీ స్పెషాలిటీ ఆసుపత్రిలో మొహమాటం పడే గుమాస్తా రిటైరయ్యాడు. అతని స్థానంలో కంప్యూటర్ వచ్చింది. దాని ఎదుట సూరిబాబు ఎంత కూర్చున్నా ప్రయోజనం లేకపోయింది.

ముత్యాలరావు గారికి దిగులు పట్టుకుంది. గోడౌను నిండా సరుకు ఉంది, పుస్తకాల నిండా లాభం ఉంది, మధ్యాహ్నం టీకి మాత్రం డబ్బు లేదు. ఆ దిగులుతోనే ఆయన ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్ళి, ప్రద్యుమ్న గారనే ఆర్థిక సలహాదారును వెంటబెట్టుకుని వచ్చారు.

ప్రద్యుమ్న గారు కంపెనీని ఒక పూట పరిశీలించి, "దీన్ని లిక్విడిటీ కొరత అంటారు" అన్నారు.

"పేరుందాండీ దీనికి!" అన్నారు ముత్యాలరావు గారు, సగం జబ్బు తగ్గినట్టు. "నాకొక్కడికే వచ్చిందేమో అనుకుని హడిలి చస్తున్నానండి బాబూ."

ప్రద్యుమ్న గారు బోర్డు మీద రెండు బాణాలు గీశారట. "ఆసుపత్రిలో కూర్చున్నవాడిని ఎవరూ పట్టించుకోరు. పడుకున్నవాడిని గంటకొకరు పట్టించుకుంటారు. మన మానవ వనరు అక్కడ కూర్చుని వృథా అవుతోంది. ఆ వనరును పడుకోబెట్టండి. పడుకున్నందుకు అయ్యే బిల్లును మనకు రావలసిన బాకీలో తగ్గించుకోమనండి. అప్పుడు మన రాబడి నిలవ ఉండిపోదు. సూరిబాబు గారిలోకి ప్రవహిస్తుంది."

అలా మా తమ్ముడి సంచి సర్దవలసి వచ్చింది.

*

శతవర్ష ఆసుపత్రి పరిపాలనాధికారి హైమవతి గారు మమ్మల్ని చిరునవ్వుతో ఆహ్వానించారు. వారి దగ్గర డబ్బు లేదు, మంచాలు బోలెడు ఉన్నాయి. మంచాలతో బాకీ తీరుతుందంటే ఎవరికి చేదు?

చిన్న డాక్టరొకాయన సూరిబాబును ముందూ వెనకా తట్టి చూసి, "మేడమ్, ఈయనకు ఏ జబ్బూ లేదండి" అన్నాడు.

"జబ్బు లేకపోవడం ప్రవేశానికి ప్రతిబంధకం కాదు డాక్టర్. నిర్ధారణ కాని పరిస్థితి అని రాయండి. సదరు రోగిని పూర్తి పరిశీలనలో ఉంచండి" అన్నారు హైమవతి గారు.

పన్నెండో నంబరు మంచం ఇచ్చారు. సంచిలో సామాను లెక్క రాసుకున్న నర్సు క్యారేజీ చూసి, "గిన్నె ఒకటి తక్కువుందే?" అంది.

"అది ఇంట్లో ఉందమ్మా" అన్నాను.

ఆమె "క్యారేజీ, అసంపూర్ణం" అని రాసుకుంది.

నేను సాయంత్రం వెళ్ళేసరికి సూరిబాబు పచ్చ గౌను తొడుక్కుని, రెండు చేతులకూ సూదులతో, పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు.

"ఈసీజీ తీశారక్కా! మన వీధిలో ఎవరికైనా తీశారా?" అన్నాడు.

"నొప్పెట్టిందా?"

"లేదు. చల్లగా ఉంది. రేపు తలకాయకి స్కానింగంట. కంపెనీ ఖాతాలోనే."

"ఇంటికెప్పుడొస్తావు?"

"మన బాకీ, నా బిల్లు సమానమైన రోజున. ఎంతలోకొచ్చింది, ఒక వారం."

వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. హైమవతి గారు లెక్క చూశారు. బాకీ తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. ఎందుకంటే సూరిబాబుకు ఎక్కించిన సెలైను ఊరట సర్జికల్స్ వారిదే. గుచ్చిన సూదులు వారివే. అద్దిన దూది, గుచ్చినవారి చేతి తొడుగులు, అన్నీ వారివే. అతనికి వైద్యం చేసినకొద్దీ ఆసుపత్రి కంపెనీ నుంచి కొత్త సరుకు తెప్పించవలసి వస్తోంది. వైద్యం ఆపితే బిల్లు పెరగదు. చేస్తే బాకీ పెరుగుతుంది.

నేను గాభరాగా ప్రద్యుమ్న గారిని అడిగాను. "అయితే మావాడు ఎప్పటికీ రాడా బాబూ?"

"మీరు చిన్న దృష్టితో చూస్తున్నారమ్మా. సూరిబాబు గారొక్కరి వల్ల ఈ నెల మన అమ్మకాలు పెరిగాయి. ఆయన ఒకేసారి మన వసూలు కేంద్రం, మన వినియోగదారుడు కూడా. పరిశ్రమలో ఇలాంటి సమన్వయం మరెక్కడా లేదు" అన్నారాయన. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

*

ఆ విజయంతో ప్రద్యుమ్న గారు పథకాన్ని విస్తరించారు. కంపెనీలో డబ్బు లేదు గనక, ఆ నెల జీతాలు వైద్యం రూపంలో ఇవ్వబడునని గోడకు కాగితం అంటించారు.

పెద్ద గుమాస్తా గారికి జీతం కింద కంటి శుక్లం ఆపరేషన్ వచ్చింది. ఆయనకు శుక్లం లేదు. అత్తగారికి బదిలీ చేసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. ఆయన అత్తగారితో పదేళ్ళుగా మాట్లాడటం లేదు. ఆ నెల మాట్లాడారు. వాచ్‌మన్‌కు కుడి మోకాలి చికిత్స మంజూరు చేసి, ఎడమ మోకాలిని దసరా బోనస్‌గా అట్టే పెట్టారు. వ్యాను డ్రైవరు అడ్వాన్సు అడిగితే అరడజను ఎక్స్‌రేలు తీసి ఇచ్చారు. అతను వాటిని ఇంటికి తీసుకువెళ్ళి పగిలిన కిటికీ రెక్కలకు అతికించుకున్నాడు. ఎండ బాగా ఆగుతోందని, కాకపోతే మధ్యాహ్నం వేళ పక్కటెముకల నీడ పిల్లల కంచాల్లో పడుతోందని చెప్పాడు.

సూరిబాబు జీతం కింద నాకు ఒక కడుపు స్కానింగ్ చీటీ వచ్చింది. దాన్ని పట్టుకుని కిరాణా కొట్టు వీర్రాజు దగ్గరికి వెళ్ళాను.

అతను చీటీని తిరగేసి మరగేసి చూశాడు. "మామ్మగారూ, స్కానింగ్ తీసుకుని కందిపప్పు ఇమ్మంటే ఎలాగండి?"

"మీ ఆవిడకు గ్యాసు అంటున్నావుగా నాయనా."

చీటీని గల్లాపెట్టెలో వేసుకున్నాడు. "అరకిలో ఇస్తానండి. గ్యాసు ఎక్కువుందని తేలితే మిగతా అరకిలో."

అరకిలో పప్పుతో ఇంటికి వచ్చాను. ఒక్కదానికి అరకిలో చాలా రోజులు వస్తుంది. అది తలుచుకుంటేనే నాకు భయం వేసింది. పప్పు అయిపోయే లోపు వాడు వస్తాడా అని అలమారలో గిన్నెను చూశాను. అది బోర్లించినట్టే ఉంది.

*

ఆ తర్వాత బ్యాంకు రంగప్రవేశం చేసింది.

ప్రద్యుమ్న గారి వాదన ఇదట: బాకీ అంతా సూరిబాబులోకి ప్రవహించింది గనక సూరిబాబు ఇప్పుడు సామాన్యుడు కాడు, కంపెనీ ఆస్తి. ఆస్తి ఉంటే అప్పు పుడుతుంది. బ్యాంకు నుంచి రుణ పర్యవేక్షణాధికారి వచ్చి పన్నెండో నంబరు మంచం చుట్టూ ప్రదక్షిణంగా నడిచారు. సూరిబాబు నాడి పట్టుకుని చూశారు, పళ్ళు చూశారు.

"హామీగా ఉంచే ఆస్తి మంచి స్థితిలో ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి" అన్నారు.

"మంచి స్థితిలో ఉంటే మేము మంచం మీద ఉంచుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు" అన్నారు హైమవతి గారు.

ఇద్దరూ చిన్న డాక్టరు వైపు చూశారు. అతను కాసేపు కలం కొరికి, 'రోగి అనారోగ్యంలో సంపూర్ణ ఆరోగ్యంగా ఉన్నాడు' అని రాసి ఇచ్చాడు. రెండు సంస్థలూ దాన్ని ఆమోదించాయి.

మర్నాడు బ్యాంకువారు ఒక రేకు బోర్డు తెచ్చి మంచానికి వేలాడదీశారు. గోడౌన్ల మీద తగిలించే బోర్డే. 'ఇందలి ఆస్తి బ్యాంకు వారి తాకట్టులో ఉన్నది. అనుమతి లేనిదే కదిలించరాదు.'

"ఒరేయ్, కదిలించకూడదంటే మరి నువ్వు దొడ్డికి ఎలా?" అన్నాను గొంతు తగ్గించి.

"బ్రాంచికి ఫోన్ చేయాలక్కా. భోజనాల టైములో ఎత్తరు. అదొక్కటే ఇబ్బంది" అన్నాడు వాడు. ఆ మాట అనడంలో ఒక రకమైన పెద్దరికం కనిపించింది. "కదలకుండా ఉండటం నాకు అలవాటేగా. ఇదివరకు కూర్చునేవాణ్ణి."

"ఇంటికి పోదాం రా."

"నేనొస్తే కంపెనీ పడిపోద్దంట."

"నువ్వు రాకపోతే నేను పడిపోతానురా."

వాడు నా వైపు చూసి, రేకు బోర్డు వైపు చూశాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను. సూదుల మీద ఆనకుండా పట్టుకోవడానికి రెండు వేళ్ళంత చోటే దొరికింది.

నేను నేరుగా హైమవతి గారి గదికి వెళ్ళి, మా తమ్ముణ్ణి పంపించేయమన్నాను. ఆవిడ కాగితాలు తిరగేశారు.

"ఖాతాల సంగతి అలా ఉంచండి. రోగి వస్తువుల్లో క్యారేజీ అసంపూర్ణం అని ఉంది. అసంపూర్ణ వస్తువులతో మేము ఎవరినీ బయటికి పంపము. ముందు ఆ గిన్నె తెచ్చి జమ చేయండి. తదుపరి పరిశీలిస్తాం."

ఇంటికి వచ్చి అలమార తెరిచాను. గిన్నెను చేతిలోకి తీసుకున్నాను. తుడిచాను. కొంగులో చుట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళాను. ఇది కూడా అక్కడికి చేరితే ఇక ఈ ఇంట్లో వాడికి సంబంధించింది, వాణ్ణి వెనక్కి లాగేది ఏముంది? బొకారో రైలు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి గిన్నెను మళ్ళీ బోర్లించాను.

మర్నాడు హైమవతి గారికి చెప్పాను. "గిన్నె ఇవ్వనమ్మా. గిన్నె ఇంట్లో ఉంది. మనిషిని గిన్నె దగ్గరికి పంపండి."

"ఇది నిబంధనల్లో లేదు" అన్నారావిడ. కొంచెం భయంగానే అన్నారు.

*

శ్రావణ మాసం వచ్చింది. ఖాతాలు కలవడం లేదని ముత్యాలరావు గారు గోల పెడితే, ప్రద్యుమ్న గారు దానికీ మార్గం కనిపెట్టారు. చిన్న చిన్న వైద్యాల వల్ల సరుకు ఎక్కువ ఖర్చవుతోంది. అదే ఒక్క పెద్ద ఆపరేషన్ చేస్తే సరుకు కొంచెమే, బిల్లు బారెడు. దెబ్బకు బాకీ చెల్లు. సూరిబాబు పిత్తాశయం తీసేయాలని తీర్మానించారు. మొదటి శుక్రవారం ముహూర్తం.

"దానికి ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలేదమ్మా. అందుకే రిస్కు తక్కువ" అన్నారు ప్రద్యుమ్న గారు.

సూరిబాబు మొహంలో పెద్దరికం ఆ రోజుతో పోయింది. "అక్కా, నన్ను తీసుకుపో" అన్నాడు, చిన్నప్పుడు బడి గేటు దగ్గర అన్నట్టు.

గురువారం ఉదయం మంచం చుట్టూ కుర్చీలు వేసి సమావేశం పెట్టారు. ఆస్తిని కదిలించకూడదు గనక అందరూ ఆస్తి దగ్గరికే వచ్చారు. ముత్యాలరావు గారు కాళ్ళ వైపు, ప్రద్యుమ్న గారు తల వైపు కూర్చున్నారు. నేను సూరిబాబు పక్కనే కూర్చున్నాను. నన్ను లెమ్మనాలని ఎవరికో అనిపించింది కానీ ఎవరూ అనలేదు.

బ్యాంకు అధికారి లేచారు. "తాకట్టులో ఉన్న ఆస్తి నుంచి ఒక భాగాన్ని తొలగించాలన్న ప్రతిపాదన మా దృష్టికి వచ్చింది. సదరు భాగం విలువ మేరకు అప్పు ముందుగా చెల్లించాలి."

"పిత్తాశయం విలువ ఎంతండీ?" అన్నారు ముత్యాలరావు గారు.

"అది మా ప్రాంతీయ కార్యాలయం తేలుస్తుంది. అంతేకాదు, ఈ ఆస్తి వచ్చే ఏడాది రిటైరవుతోంది. తరుగుదల ఎక్కువ. దీని స్థానంలో ఇంతకంటే విలువైన ఆస్తిని హామీగా చూపకపోతే అప్పు మొత్తం వెనక్కి తీసుకోవలసి వస్తుంది."

అందరూ గదిలో అటూ ఇటూ చూశారు. సెలైన్ బొట్టు బొట్టుగా పడుతోంది.

నాకు మొదటినుంచీ ఒక విషయం అర్థం కాలేదు. అదే అడిగాను. "ముత్యాలరావు గారూ, మీ కంపెనీలో అందరికన్నా విలువైన మనిషి ఎవరు బాబూ?"

ఆయన తడుముకోకుండా చెప్పారు. "ఇంకెవరండీ, ప్రద్యుమ్న గారే. సదస్సులో ఆయనే చెప్పారు. మేమిచ్చే ఫీజు చూసి కూడా చెప్పొచ్చు."

ప్రద్యుమ్న గారు దగ్గారు. "నేను చెప్పింది నా సలహా విలువ గురించి. నా గురించి కాదు."

"సలహాను విడిగా మంచం మీద పడుకోబెట్టలేము కదా. అది ఎవరిలో నిలవ ఉంది?" అన్నారు బ్యాంకు అధికారి.

"నాలోనే, కానీ..."

"అంత విలువ లేదంటే చెప్పండి బాబూ, మొహమాటం దేనికి?" అన్నారు ముత్యాలరావు గారు ఆశగా. "ఫీజు తగ్గించి రాసుకుందాం."

ప్రద్యుమ్న గారి మొహం ఒకసారి ఎర్రబడి, తెల్లబడి, మళ్ళీ నిలకడకు వచ్చింది. ఫీజు తగ్గడం ఆయన సిద్ధాంతానికే విరుద్ధం. "విలువ విషయంలో సందేహమే లేదు" అన్నారు చివరికి. "తాత్కాలికంగా, సాంకేతికంగా, ఆస్తి మార్పిడికి అంగీకరిస్తున్నాను. ఒక్క వారం. ఈలోగా నేనే ఇక్కడి నుంచి రెండు ఖాతాలనూ కలిపి చూపిస్తాను."

"మరి రేపటి ఆపరేషన్?" అన్నారు హైమవతి గారు. "థియేటర్ బుక్ చేసేశాం. రద్దు నిబంధనల్లో లేదు."

"అది మంచం పేరు మీద ఉందా, మనిషి పేరు మీద ఉందా?" అని అడిగారు బ్యాంకు అధికారి.

"మంచం పేరు మీదే."

"అయితే మాకు అభ్యంతరం లేదు."

ప్రద్యుమ్న గారు ఏదో అనబోయారు కానీ అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు. వార్డులో మిగతా రోగులు కూడా కొట్టారు, రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్ళు.

ఇక క్యారేజీ సంగతి మిగిలింది. అసంపూర్ణ వస్తువును ఏం చేయాలో తోచక హైమవతి గారు చిన్నబోయారు. సూరిబాబు సంచిలోంచి మూడు గిన్నెలూ తీసి నా చేతిలో పెట్టి, "ఇవి నా వస్తువులు కావండి, మా అక్కవి. చూడ్డానికొచ్చిన మనిషి వెంట తీసుకుపోవచ్చు కదండీ?" అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు ఒక ఆసుపత్రిలో నోరు విప్పి అడగడం అదే మొదటిసారి. ఆవిడ నిబంధనలు చూసి, పోవచ్చన్నారు.

ఆ మధ్యాహ్నం సూరిబాబు లుంగీ కట్టుకుని ఇంటికి వచ్చాడు. మూడు గిన్నెలూ కడిగి, అలమారలోంచి నాలుగోది తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొక్కెం బిగించాను. వాడు పప్పన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. మళ్ళీ కూర్చునే ఉద్యోగం ఇస్తారా అని అడిగాడు. ఇస్తారులే అన్నాను.

శుక్రవారం పొద్దున ముత్యాలరావు గారు కబురు పంపారు. ప్రద్యుమ్న గారు గోడౌను మేడ మీద గదిలో ఒక్కరే ఉంటున్నారు, సంచి సర్దేవాళ్ళు లేరు, ఆడచెయ్యి అయితే బాగుంటుందని. వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి రెండు బాణాలు గీసుకుంటున్నారు.

మడతపెట్టిన చొక్కాలన్నీ పెట్టాను. సబ్బు పెట్టె, దాని మూతతో పెట్టాను. చెప్పులు రెండూ పెట్టాను. కళ్ళద్దాలు, వాటి డబ్బా, తుడుచుకునే గుడ్డ పెట్టాను. ఫోను ఛార్జరు గోడ నుంచి ఊడదీసి పెట్టాను. గ్లాసు పెట్టాను, గ్లాసు కింది సాసరు కూడా పెట్టాను. మంచం కిందకు వంగి చూశాను. ఒంటరి మేజోడు ఒకటి దొరికింది. దాని జత కోసం గదంతా వెతికి, తలుపు వెనక పట్టుకుని, రెండూ కలిపి ముడేసి పెట్టాను.

"అన్నీ పెట్టారా అమ్మా?" అన్నారు ప్రద్యుమ్న గారు.

"అన్నీ పెట్టాను బాబూ. ఏదీ మిగల్చలేదు."

"మీలాంటి పద్ధతి ఉన్న మనుషులు మన కంపెనీకి కావాలండీ" అని, సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగారు.

ప్రద్యుమ్న గారు శ్రావణ మాసం మొదటి శుక్రవారం ఉదయం శతవర్ష ఆసుపత్రిలో పన్నెండో నంబరు మంచం మీద చేరారు. తిరిగి రాలేదు.